ఇంతెకాల్ అంటే బదిలీ

మన ఇళ్లలో ఎవరైనా పోతే "ఫలానా సాబ్ ఇంతెకాల్ అయ్యారు" అంటాం. రోజూ వాడే లఫ్జే గనక దాని మాయనే గురించి ఎవరం ఆలోచించం. ఇంతెకాల్ అంటే ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారడం. పంజాబ్ వైపు రెవెన్యూ కాగితాల్లో జమీన్ ఒకరి పేరు నుంచి ఇంకొకరి పేరుకు మారడాన్ని కూడా ఇంతెకాల్ అనే రాస్తారు. వఫాత్ అనే మాట చూడండి. దాని అరబీ మూలంలో "పూర్తిగా తీసుకోవడం" అనే అర్థం ఉంది, బాకీని పైసాతో సహా వసూలు చేసుకున్నట్టు. అంటే చావు గురించి మనం అదబ్‌గా వాడే మాటల్లో "లేకుండా పోవడం" అనేది లేదు. మార్పు ఉంది, వసూలు ఉంది. మాయం కావడం లేదు.

భౌతికశాస్త్రంలో సరిగ్గా ఇలాంటి మాట చెప్పే ఉసూల్ ఒకటుంది. యూనిటారిటీ అంటారు. క్వాంటమ్ ఫిజిక్స్ మొత్తం దాని మీదే నిలబడి ఉంది. లోకంలో ఏ ఖబరూ, అంటే ఏ సమాచారమూ, నిజంగా చెరిగిపోదని దాని సారాంశం. ఈ మధ్య వాట్సప్‌లలో, యూట్యూబ్ బయాన్లలో ఈ మాట తిరుగుతోంది. "సైన్స్ కూడా ఒప్పుకుంది, ఏదీ ఫనా కాదు, రూహ్ అమర్ అని క్వాంటమ్ ఫిజిక్స్ సాబిత్ చేసింది" అని. వినడానికి బాగుంటుంది. ఇంట్లో ఈ మధ్యే మట్టి ఇచ్చి వచ్చినవాళ్లకు మరీ బాగుంటుంది.

నా రాయ్ ముందే చెప్పేస్తాను. ఆ ఉసూల్ నిజమే కావచ్చు, నిజమనే వైపే నేను ఎక్కువ మొగ్గుతాను. కానీ అది ఇచ్చే తసల్లీ ఆ ఫార్వర్డుల్లో చెప్పినంత పెద్దది కాదు. దాని సైజు తెలుసుకుని తీసుకుంటే మంచిది.

మన మొహల్లా కిరాణా దుకాణంలో ఖాతా పుస్తకం ఉంటుంది కదా. ఒకరి పద్దులో తగ్గితే ఇంకొకరి పద్దులో పెరగాలి, చివర్లో జమ సరిపోవాలి. యూనిటారిటీ అలాంటి హిసాబ్. క్వాంటమ్ లోకంలో ఒక కణం ఇక్కడ ఉండొచ్చు, అక్కడ ఉండొచ్చు, ప్రతిదానికీ ఒక సంభావ్యత ఉంటుంది. కాలం ఎంత గడిచినా ఆ సంభావ్యతలన్నీ కలిపితే నూటికి నూరే రావాలి. తొంభై తొమ్మిదీ కాదు, నూట ఒకటీ కాదు. ఇది ఒక షరతు. రెండోది ఇంకా ముఖ్యం. వేర్వేరుగా మొదలైన రెండు స్థితులు ఎప్పటికీ ఒకే స్థితిగా ముగియకూడదు. అలా ముగిస్తే చివర చూసి మొదలు చెప్పలేం. ముగియకపోతే, ఉసూల్ ప్రకారం, సినిమా రీలు వెనక్కి తిప్పినట్టు చివరి నుంచి మొదటికి వెళ్లొచ్చు.

ఒక ఉత్తరం కాల్చారనుకోండి. బూడిద మిగులుతుంది, పొగ పైకి పోతుంది, మంట వెలుతురు కిటికీలోంచి బయటికి పోతుంది. గదిలో గాలి కొంచెం వేడెక్కుతుంది. అందులో "ప్యారే బేటే" అని రాసి ఉన్నా, "బాకీ ఎప్పుడు తీరుస్తావ్" అని రాసి ఉన్నా మన కంటికి బూడిద ఒకటే. ఫిజిక్స్ కాదంటుంది. బూడిదలో ప్రతి అణువు, పొగలో ప్రతి కణం, వెలుతురులో ప్రతి ఫోటాన్ మొత్తం పట్టి లెక్క కట్టగలిగితే ఆ రెండు ఉత్తరాల మధ్య ఫరక్ కనిపిస్తుంది. అక్షరం పోలేదు, చెదిరిపోయింది.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. నేను చదివింది ఉర్దూ మీడియం. మా సైన్స్ కితాబులో శక్తి నిత్యత్వ నియమాన్ని "ఖానూనె బఖాయె తవానాయీ" అని రాశారు. బఖా! దర్గాల దగ్గర, సూఫీల మాటల్లో ఫనా పక్కనే వినిపించే లఫ్జ్. 1917లో హైదరాబాదులో దారుల్ తర్జుమా పెట్టి ఉస్మానియా యూనివర్సిటీ కోసం సైన్స్ కితాబులన్నీ ఉర్దూలోకి తెస్తున్న రోజుల్లో ఇలాంటి మాటల గురించి ఎంత బహస్ జరిగి ఉంటుందో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. తర్వాత డిగ్రీలో తెలుగుకు వచ్చాను. తెలుగులో చూస్తే "నిత్యత్వం". అదీ అంతే, గుడిలో వినే మాట. ఇంగ్లిష్‌లో ఆ మాటకు "కాపాడి ఉంచడం" అనే అర్థమే ఉంది, పచ్చడి నిల్వ ఉంచినట్టు. మన రెండు జబాన్లూ ఫిజిక్స్ చెప్పని రూహానియత్‌ను దాని చొక్కా జేబులో పెట్టి పంపాయి. ఫార్వర్డులు నమ్మేవాళ్లది పూర్తిగా తప్పనలేను, భాషే వాళ్లను అటు తోస్తోంది.

సరే, ఈ ఉసూల్ బునియాదీయేనా? దీని మీద నలభై ఏళ్లకు పైగా జంగ్ నడిచింది, ఇంకా పూర్తిగా ముగియలేదు. మొదలుపెట్టింది స్టీఫెన్ హాకింగ్. 1974లో ఆయన బ్లాక్ హోల్ పూర్తిగా నల్లగా ఉండదని, సన్నగా వేడిని వెలువరిస్తుందని లెక్క కట్టి చూపించారు. వెలువరిస్తూ వెలువరిస్తూ చివరికి ఆవిరైపోతుంది. మన సూర్యుడంత బరువున్న బ్లాక్ హోల్ ఆవిరి కావడానికి ఒకటి పక్కన 67 సున్నాలు పెట్టినన్ని ఏళ్లు పడుతుంది. ఇప్పటి విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లే. కాబట్టి తొందరేం లేదు. కానీ ప్రశ్న ప్రశ్నే. హాకింగ్ లెక్కలో ఆ వేడి బ్లాక్ హోల్ బరువు, తిరుగుడు, విద్యుదావేశం మీదే ఆధారపడుతుంది. లోపల ఒక టన్ను ఉత్తరాలు పడ్డాయా, ఒక టన్ను ఇటుకలు పడ్డాయా అనేది దానికి తెలియదు. బ్లాక్ హోల్ పూర్తిగా ఆవిరయ్యాక ఉత్తరాల ఖబర్ ఎక్కడ? 1976లో ఆయన సూటిగా చెప్పేశారు: ఎక్కడా లేదు, పోయింది, యూనిటారిటీ ఇక్కడ చెల్లదు.

చాలామందికి ఇది గొంతులో ముల్లులా గుచ్చుకుంది. లెనార్డ్ సస్కిండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీన్ని దాదాపు జాతీ దుష్మనీలా తీసుకుని, చివరికి 2008లో ఆ పోరాటం గురించి ఒక పుస్తకమే రాశారు. 1997లో హాకింగ్, కిప్ థోర్న్ ఒక వైపు, జాన్ ప్రెస్కిల్ ఇంకో వైపు షర్త్ కట్టారు. ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు ఒక ఎన్‌సైక్లోపీడియా ఇవ్వాలి, ఎందుకంటే అందులోంచి సమాచారం ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు! పెద్దవాళ్ల మజాక్ ఇలా ఉంటుంది. 2004లో డబ్లిన్‌లో జరిగిన సభలో హాకింగ్ ఓటమి ఒప్పుకుని ప్రెస్కిల్‌కు బేస్‌బాల్ ఎన్‌సైక్లోపీడియా ఇచ్చారు. దాన్ని కాల్చి బూడిద ఇవ్వాల్సిందేమో, ఖబర్ అంతా అందులోనే ఉంటుంది కదా అని తర్వాత చమత్కరించారు కూడా. థోర్న్ మాత్రం అప్పుడు ఒప్పుకోలేదు.

హాకింగ్ ఒప్పుకున్నారు కాబట్టి ఫైసలా అయిపోయిందని కాదు. ఆయన చూపిన దలీల్ చాలామందిని పూర్తిగా ఒప్పించలేదు. అసలు బలం వేరే చోట నుంచి వచ్చింది. 1993లో డాన్ పేజ్ ఒక మాట చెప్పారు. యూనిటారిటీ నిజమైతే బ్లాక్ హోల్ వెలువరించే వేడిలో మొదటి సగం దాకా దాదాపు ఏ ఖబరూ చదవడానికి దొరకదు, ఆ తర్వాతి సగంలోనే మెల్లగా బయటపడుతుంది. ఆ గ్రాఫును పేజ్ కర్వ్ అంటారు. 1997లో అర్జెంటీనాకు చెందిన హువాన్ మాల్డసేనా ఒక ప్రత్యేకమైన ఊహా విశ్వంలో గురుత్వాకర్షణ మొత్తాన్ని దాని అంచు మీద నడిచే మామూలు క్వాంటమ్ సిద్ధాంతంగా రాయొచ్చని చూపించారు. అంచు మీద ఖబర్ పోదు, కాబట్టి లోపలా పోకూడదు. 2019లో రెండు బృందాలు పేజ్ చెప్పిన గీతను గురుత్వాకర్షణ లెక్కలతోనే రాబట్టాయి. ఇది పెద్ద విషయం. అయితే ఖబర్ లోపలి నుంచి బయటికి ఏ దారిలో వస్తుందో, అడుగు అడుగునా ఏం జరుగుతుందో ఆ లెక్క చెప్పదు. ఖజానా ఖాళీ కాలేదని ఆడిట్ రిపోర్టు వచ్చింది, తాళం ఎవరు తీశారో రాయలేదు. రాబర్ట్ వాల్డ్, విలియం అన్రూ లాంటి పెద్దలు 2017లో కూడా ఖబర్ పోవడంలో తప్పేముంది, పోతే పోనివ్వండి అని వాదించారు. వాళ్లు ఏరా గైరా మనుషులు కాదు.

బ్లాక్ హోల్ దాకా ఎందుకు, ప్రయోగశాలలోనే ఒక చిక్కు ఉంది. కణాన్ని ఎవరూ కొలవనంతసేపూ అది ష్రోడింగర్ సమీకరణం ప్రకారం యూనిటారిటీ తప్పకుండా నడుస్తుంది. కొలిచిన క్షణంలో అనేక సంభావ్యతల్లో ఒక్కటే మిగులుతుంది. మిగతావి ఏమయ్యాయి? 1957లో హ్యూ ఎవరెట్ అన్నీ ఉన్నాయి, వేర్వేరు శాఖల్లో నడుస్తున్నాయి అన్నారు. ఆయన మాట ఒప్పుకుంటే యూనిటారిటీకి గీత కూడా పడదు, కానీ ఒక్కొక్క మనిషికి లెక్కలేనన్ని ప్రతులు ఉన్నాయని ఒప్పుకోవాలి. రోజర్ పెన్‌రోజ్ దీనికి ఉల్టా. బరువైన వస్తువుల విషయంలో గురుత్వాకర్షణ వల్ల ఆ సంభావ్యతలు నిజంగానే కూలిపోతాయని, అంటే ఆ ఉసూల్ నిజంగానే భంగమవుతుందని ఆయన అంటారు. ఇటలీలో గ్రాన్ సాస్సో కొండ కింద ఉన్న ప్రయోగశాలలో దీన్ని పరీక్షించారు. కూలిపోవడం నిజమైతే సన్నటి వికిరణం రావాలి. రాలేదు. 2020లో ఆ ఫలితం అచ్చయింది. పెన్‌రోజ్ ఆలోచనలో అతి సాదా రూపం దాంతో కొట్టుకుపోయింది, మిగతా రూపాలు బతికే ఉన్నాయి.

వీటన్నిటినీ చూసే యూనిటారిటీ వైపు మొగ్గుతానన్నాను. వందేళ్లుగా ఎవరూ దాన్ని పట్టుకుని విరగ్గొట్టలేకపోయారు. కాని ఒక్క సంగతి గమనించండి. నాకు అది తసల్లీ ఇస్తుంది కాబట్టి నిజం కావాలని కోరుకుంటున్నానా అని నన్ను నేను అడుక్కోవాలి. జర్నలిస్టుగా నేర్చుకున్న మొదటి పాఠం, నీకు నచ్చిన ఖబర్‌ను రెండుసార్లు తనిఖీ చెయ్యి అని. హాకింగ్ దాదాపు ముప్పై ఏళ్లు ఖబర్ పోతుందనే నమ్మారు. అలా నమ్ముతూనే బతికారు, నవ్వారు, షర్తులు కట్టారు.

ఫిజిక్స్‌తో తసల్లీ పొందినవాళ్లు లేరా అంటే ఉన్నారు. 1955 మార్చిలో ఐన్‌స్టీన్ పాత దోస్త్ మిషెల్ బెస్సో పోయారు. ఐన్‌స్టీన్ ఆ ఇంటివాళ్లకు ఉత్తరం రాశారు. భౌతికశాస్త్రాన్ని నమ్మేవాళ్లకు నిన్న, నేడు, రేపు అనే ఫరక్ మొండిగా పట్టుకుని వేలాడే భ్రమ తప్ప ఇంకేం కాదన్న ధోరణిలో. నెల తిరిగీ తిరగకముందే ఏప్రిల్‌లో ఆయనా పోయారు. అది రిలేటివిటీ నుంచి వచ్చిన మాట, క్వాంటమ్‌ది కాదు. ఆ ఇంటివాళ్లకు ఆ మాట ఎంత తసల్లీ ఇచ్చిందో నాకెందుకో అనుమానమే. ఆయన గుర్తు పెట్టుకుని పుర్సా రాశారన్నదే వాళ్లకు పెద్ద సంగతి అయి ఉంటుంది.

ఇక మన సంగతి. మా అబ్బా పదకొండేళ్లు జెద్దాలో పనిచేశారు. ఆ రోజుల్లో ఫోన్ మహంగా కాబట్టి సెలవుకు వచ్చేవాళ్ల చేతికి ఉత్తరాలు, కేసెట్లు ఇచ్చి పంపేవారు. మీలో చాలామంది ఇళ్లలో ఇలాంటి కేసెట్లు ఉండే ఉంటాయి. ఒక వైపు అమ్మీకి, ఒక వైపు పిల్లలకు. వెనకాల ఏసీ గుర్రుమనే చప్పుడు, మధ్యలో దగ్గు, "అచ్ఛా సునో" అని మళ్లీ మొదలుపెట్టడం. అబ్బా ఇంతెకాల్ తర్వాత ఆ కేసెట్లు తీసి చూస్తే టేపంతా బూజు పట్టి అతుక్కుపోయింది. బాగుచేసే అతను రెండు రోజులు ఉంచుకుని "సాబ్, ఇందులో ఏం మిగల్లేదు" అన్నాడు.

ఆ సాయంత్రం నేను అమ్మీకి ఇదంతా చెప్పాను. ఆవాజ్ అంటే గాలిలో కదలిక, ఆ కదలిక గోడలకు తగిలి వేడిగా మారింది, టేపు మీది అయస్కాంతపు గుర్తులు బూజులోకీ గాలిలోకీ చెదిరాయి, హిసాబ్ ప్రకారం ఏదీ పోలేదు అని. అమ్మీ అంతా వింది. విని, "సున్నేకూ నైచ్ ఆయా తో రహ్‌కో క్యా ఫాయిదా, బేటా?" అంది. వినపడనప్పుడు ఉండి ఏం లాభం.

నిజం చెప్పాలంటే ఈ సవాల్‌కు ఫిజిక్స్ దగ్గర జవాబ్ లేదు. పైపెచ్చు ఫిజిక్సే అమ్మీ పక్షాన సాక్ష్యం చెబుతుంది. కాలిన ఉత్తరం వెలుతురు కిటికీలోంచి బయటపడి సెకనుకు మూడు లక్షల కిలోమీటర్ల చొప్పున పోతోంది. అంతకన్నా వేగంగా ఏదీ పోలేదు గనక, దాన్ని వెంటబడి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఆ వెలుతురు లేకుండా బూడిద ఒక్కటే చదివితే హిసాబ్ కుదరదు. బ్లాక్ హోల్ విషయంలో 2013లో డేనియల్ హార్లో, పాట్రిక్ హేడెన్ లెక్క కట్టారు. వెలువడిన వేడి మొత్తం మన చేతికి వచ్చినా, ఎంత గొప్ప క్వాంటమ్ కంప్యూటర్ ఉన్నా, అందులోంచి ఖబర్ చదవడానికి పట్టే సమయం ముందు బ్లాక్ హోల్ ఆయుష్షే చిన్నది. ఖబర్ ఉంది, పాఠకుడు లేడు. యూనిటారిటీకి పాఠకుడితో పని లేదు. దానికి అబ్బా ఆవాజూ, ఏసీ గుర్రూ ఒకటే. ప్యార్‌ను వేరుగా దాచిపెట్టే ఖానా దాని ఖాతా పుస్తకంలో లేదు.

ఇంకో కోణం కూడా ఉంది. ఏదీ చెరగదంటే జుల్మ్ కూడా చెరగదు. ఎవరో ఎక్కడో కాల్చేసిన ఫైలు, మాయం చేసిన రికార్డు, చింపేసిన పంచనామా, అన్నీ విశ్వంలో ఎక్కడో ఉన్నాయి. వినడానికి ఇన్సాఫ్ లాగే ఉంటుంది. కానీ తాత పేరు మీది కాగజ్ దొరక్క ఆఫీసు చుట్టూ తిరిగే మనిషి కౌంటర్ దగ్గర నిలబడి "సార్, సమాచారం విశ్వంలో భద్రంగా ఉంది" అంటే ఏం జరుగుతుందో మీకు తెలుసు. మన ఇళ్లలో ఎన్ని సందూఖ్‌లలో వరదకు తడిసిన, చెదలు తిన్న పత్రాలు ఉన్నాయి! వాటిని స్కాన్ చేయించి రెండు చోట్ల దాచుకోవడం ఏ ఉసూల్ కన్నా ఎక్కువ పనికొస్తుంది.

రూహ్ గురించి వాట్సప్ చెప్పేదానికి కూడా ఇదే నా జవాబ్. యూనిటారిటీ మాట్లాడేది కణాల స్థితుల గురించి. రూహ్ అనే మాట దాని సమీకరణంలో ఎక్కడా లేదు, ఉందని చెప్పేవాళ్లు సమీకరణం చూడలేదు. ఈమాన్ ఉన్నవాళ్లకు ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు. పైగా అది నమ్మకమైన సర్టిఫికెట్ కూడా కాదు. రేపు గ్రాన్ సాస్సో లాంటి ఇంకో ప్రయోగంలో సన్నటి వికిరణం కనిపించి యూనిటారిటీ కూలిపోయిందనుకోండి, అప్పుడు మీ ఆఖిరత్ కూడా కూలిందని ఒప్పుకుంటారా? ఒప్పుకోరు. మరి దాన్ని దీనికి ముడి వేయడం ఎందుకు?

ఇంత చెప్పాక ఆ తసల్లీ ఉత్తదేనా అంటే, కాదు. ఒకటి చెప్పాలి. 2007లో శామ్యూల్ బ్రౌన్‌స్టైన్, మన దేశానికి చెందిన అరుణ్ పతి కలిసి ఒక సిద్ధాంతం రుజువు చేశారు. ఒక క్వాంటమ్ వ్యవస్థ నుంచి ఖబర్ పూర్తిగా మాయమైనట్టు కనిపిస్తే, అది ఎక్కడో మధ్యలో దాక్కుని ఉండదు, చుట్టూ ఉన్న పరిసరాల్లోకి పూర్తిగా చేరి ఉంటుంది అని. దాచలేరు అనే అర్థం వచ్చేలా దానికి పేరు పెట్టారు. దాన్ని బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పరమాణు కేంద్రకాలతో పరీక్షించారు. ఒక కేంద్రకంలోని స్థితిని పూర్తిగా చెరిపేసి, పక్కనున్న కేంద్రకాల నుంచి మళ్లీ రాబట్టారు. ఆ పేపర్ 2011లో ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో అచ్చయింది. అందులో మొదటి పేరు ఝరణా రాణి సామల్. అచ్చయ్యేనాటికి ఆమె లేరు. పేరు పక్కనే ఆ మాట రాసి ఉంటుంది.

ఆ పేపర్ చూసిన రోజు నేను చాలాసేపు వేరే పని చేయలేకపోయాను. ఆమె చేసిన ప్రయోగంలో ఖబర్ తిరిగి రావడానికి కారణం లోకం దాన్ని దాచి ఉంచడం ఒక్కటే కాదు. చెదిరిన మూడు కేంద్రకాలూ ప్రయోగశాలలోనే, చేతికందే దూరంలోనే ఉన్నాయి. ఎక్కడ వెతకాలో తెలిసిన మనుషులు, చదవడం వచ్చిన మనుషులు అక్కడ ఉన్నారు.

మా ఇంట్లో అబ్బా కేసెట్లు పోయినా ఉత్తరాలు మిగిలాయి. పద్దెనిమిది. నీలం కాగితాల మీద, చేతిరాతలో, అన్నీ ఉర్దూ. మా బిడ్డ తొమ్మిదో తరగతి, ఇంగ్లిష్ మీడియం. తెలుగు బాగా చదువుతుంది, ఇంట్లో ఉర్దూ మాట్లాడుతుంది, కానీ అలిఫ్ బే గుర్తుపట్టదు. తనకు ఆ కాగితాలు బూడిదతో సమానం, అందులో ఒక్క అక్షరం కూడా చెదరకపోయినా. పోయిన రంజాన్ నుంచి ఇషా తర్వాత రోజుకు అరగంట కూర్చుంటున్నాం. మొన్న మొదటి ఉత్తరం చదివింది, అబ్బా నుక్తాలు సరిగా పెట్టరు కాబట్టి గంటన్నర పట్టింది. అందులో జెద్దాలో టమాటాలు కిలో ఎన్ని రియాళ్లో ఉంది, మా పెద్దమ్మ మోకాళ్ల నొప్పికి ఏదో తైలం పేరు ఉంది, నన్ను హిసాబ్‌లో ఎన్ని మార్కులు వచ్చాయో రాయమని ఉంది. ఇంకా పదిహేడు ఉన్నాయి.